రేవు కూలీ.. కార్మిక సారథి హ్యారీ బ్రిడ్జెస్

అమెరికా పశ్చిమ తీరంలోని ఓడరేవులు 1934లో 83 రోజులపాటు స్తంభించాయి. ఉత్తరాన కెనడా సరిహద్దు చేరువలోని బెల్లింగ్‌హామ్ మొదలు దక్షిణాన మెక్సికో సరిహద్దున గల శాన్ డియాగో వరకు ఓడల్లోని సరుకు ఓడల్లోనే ఉండిపోయింది. సమ్మె ఆరంభమైననాడు హ్యారీ బ్రిడ్జెస్ శాన్ ఫ్రాన్సిస్కో రేవులో సరుకులు ఎత్తి దించే సామాన్య కూలీ. అది ముగిసేనాటికి ఆయన పేరు దేశమంతటా మార్మోగింది. మరో మూడేళ్లకు ఆయన పశ్చిమ తీర రేవు కార్మికుల సంఘానికి అధ్యక్షుడై, నాలుగు దశాబ్దాలు ఆ బాధ్యత మోశారు. ఆ సమ్మె కేవలం కూలి రేటు పెంపు కోసం జరిగినది కాదు. తెల్లవారగానే పనికి ఎవరిని పిలవాలో నిర్ణయించే హక్కు మేస్త్రీదా, కార్మికులదా అన్నదే అసలు వివాదం. బ్రిడ్జెస్ నాయకత్వం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే రూపుదిద్దుకుంది.

మెల్‌బోర్న్ నుంచి సముద్రంలోకి..

హ్యారీ బ్రిడ్జెస్ 1901 జూలై 28న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగర పరిధిలో గల కెన్సింగ్టన్‌లో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆల్ఫ్రెడ్ రెంటన్ బ్రిడ్జెస్. తండ్రి ఇళ్లు, స్థలాల వ్యాపారి. తల్లి ఐరిష్ మూలాలు గల కాథలిక్కు. కొడుకు తన వ్యాపారంలోకి రావాలని తండ్రి ఆశించారు. అద్దెల వసూలుకు పంపితే, పేదల ఇళ్ల ముందు నిలబడి సొమ్ము అడగడం ఆ కుర్రవాడికి రుచించలేదు. జాక్ లండన్ రచనలు చదివి సముద్రంపై మక్కువ పెంచుకున్న ఆయన పదహారేళ్ల ప్రాయంలోనే నావికునిగా ఓడ ఎక్కారు.

దేశదేశాల రేవులు తిరుగుతూ 1920లో శాన్ ఫ్రాన్సిస్కో చేరుకున్నారు. మరుసటి ఏడాది అమెరికా నావికుల సమ్మెలో పాలుపంచుకున్నారు. చేసే పని ఏదైనా కార్మికులంతా ఒకే సంఘంగా ఉండాలని బోధించే ప్రపంచ పారిశ్రామిక కార్మికుల సంస్థలో కొంతకాలం సభ్యునిగా ఉన్నారు. ఆ సమ్మె ఓటమితో ముగిసింది. వేర్వేరు వృత్తుల వారు వేర్వేరుగా పోరాడితే యాజమాన్యం ఒక్కొక్కరినీ లొంగదీసుకోగలదన్న పాఠం మాత్రం ఆయన మనసులో నాటుకుపోయింది. 1922లో సముద్రయానం విరమించి శాన్ ఫ్రాన్సిస్కో రేవులో కూలీగా చేరారు.

అడ్డా మీద నిరీక్షణ

మన పట్టణాల కూడళ్లలో తెల్లవారకముందే గుమిగూడి మేస్త్రీ పిలుపు కోసం ఎదురుచూసే అడ్డా కూలీలను నిత్యం చూస్తూనే ఉంటాం. ఆనాటి శాన్ ఫ్రాన్సిస్కో రేవులోనూ అదే దృశ్యం. ఎంబార్కడెరో రహదారిలో ఫెర్రీ బిల్డింగ్ ఎదుట ఉదయం ఆరు గంటలకల్లా వందలాది మంది నిలబడేవారు. ముఠా మేస్త్రీలు వచ్చి తమకు నచ్చిన వారిని వేలితో చూపి పనికి తీసుకుపోయేవారు. మిగిలిన వారు ఒట్టి చేతులతో ఇళ్లకు తిరిగి వెళ్లాల్సిందే.

ఈ పద్ధతి మేస్త్రీకి అపారమైన అధికారం కట్టబెట్టింది. పని కావాలంటే కూలిలో వాటా ఇచ్చుకోవాలి, లేదా మద్యం సీసా సమర్పించుకోవాలి. ఎదురు మాట్లాడిన వానికి మర్నాడు పిలుపు ఉండదు. పని దొరికిన వారు ఒక్కోసారి 24 గంటలకు పైగా ఏకబిగిన మూటలు మోసేవారు. మరోపక్క వందల మంది రోజుల తరబడి ఖాళీగా ఉండేవారు. వేగం పెంచాలన్న ఒత్తిడి కారణంగా ప్రమాదాలు మామూలయ్యాయి. 1919 సమ్మె విఫలమైన తరువాత యాజమాన్యాల ప్రాపకంతో వెలసిన సంఘమే రేవులో మిగిలింది. సభ్యత్వ పుస్తకం రంగును బట్టి దానికి బ్లూ బుక్ అన్న పేరు వచ్చింది. ఆ పుస్తకం లేనివారికి పని దొరకడం కష్టం. ఉన్నవారి గోడు ఆ సంఘం వినేది కాదు. ఈ వాతావరణంలోనే బ్రిడ్జెస్ పుష్కర కాలం కూలీగా గడిపారు.

చట్టం తెచ్చిన ఊపిరి

1929లో మొదలైన మహామాంద్యం కూలీల బతుకులను మరింత చితికిపోయేలా చేసింది. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ హయాంలో 1933 జూన్‌లో వచ్చిన జాతీయ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం కార్మికులు తమకు నచ్చిన సంఘంలో చేరే హక్కును గుర్తించింది. దీంతో అంతర్జాతీయ రేవు కార్మికుల సంఘం శాన్ ఫ్రాన్సిస్కోలో తిరిగి పురుడు పోసుకుంది. కొద్ది వారాల్లోనే రేవు కూలీల్లో అత్యధికులు అందులో చేరిపోయారు.

బ్రిడ్జెస్, ఆయన సహచరులు కొందరు ఆల్బియన్ హాల్ అనే చోట సమావేశమవుతూ ఉండేవారు. వారిలో కమ్యూనిస్టులు ఉన్నారు, ఏ పార్టీకీ చెందని వారూ ఉన్నారు. వాటర్‌ఫ్రంట్ వర్కర్ అనే సైక్లోస్టైల్ పత్రికను రేవులో పంచుతూ మేస్త్రీల ఆగడాలను కూలీల భాషలోనే ఎండగట్టారు. అదే ఏడాది అక్టోబరులో మాట్సన్ నౌకా సంస్థ సంఘం బిళ్ల ధరించిన నలుగురు కూలీలను పనిలోంచి తొలగించింది. సహచరులు పని నిలిపివేయడంతో వారిని తిరిగి తీసుకోక తప్పలేదు. యాజమాన్యం అండ గల బ్లూ బుక్ ప్రాబల్యం నాటితో సడలింది. కూలీలకు ధైర్యం వచ్చింది.

1934 ఆరంభంలో తీరంలోని రేవుల నుంచి సాధారణ కార్మికుల ప్రతినిధులు శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమై డిమాండ్లు ఖరారు చేశారు. గంటకు ఒక డాలరు కూలి, రోజుకు ఆరు గంటల పని, వారానికి 30 గంటలు, తీరమంతటికీ ఒకే ఒప్పందం వాటిలో ముఖ్యమైనవి. అన్నింటికంటే ప్రధానమైనది, అడ్డా పద్ధతిని రద్దు చేసి సంఘం నిర్వహణలో పని పంపిణీ కేంద్రం ఏర్పాటు చేయడం. మార్చిలో జరగవలసిన సమ్మె రూజ్‌వెల్ట్ విజ్ఞప్తి మేరకు వాయిదా పడింది. చర్చలు ఫలించలేదు.

మే 9.. ఆగిన క్రేన్లు

1934 మే 9న పశ్చిమ తీర రేవు కార్మికులు విధులు బహిష్కరించారు. కొద్ది రోజుల్లోనే నావికులు, ఓడల్లోని వంటవారు, ఇంజను సిబ్బంది తమ సొంత డిమాండ్లతో సమ్మెలో దిగారు. సరుకు రవాణా చేసే బండ్ల డ్రైవర్లు రేవు సరుకును ముట్టబోమని ప్రకటించారు. వేర్వేరు వృత్తుల వారు ఒక్కటి కావాలన్న బ్రిడ్జెస్ చిరకాల వాంఛ నెరవేరింది.

శాన్ ఫ్రాన్సిస్కో శాఖ సమ్మె కమిటీకి ఆయనే అధ్యక్షుడు. బక్కపలుచని దేహం, ఆస్ట్రేలియా యాస గల మాట, సూటిగా సాగే వాదన ఆయన ప్రత్యేకతలు. వాగ్ధాటితో ఉర్రూతలూగించే వక్త కారు. పని వివరాలు క్షుణ్ణంగా తెలిసిన మనిషి కావడంతో కూలీలు ఆయన మాటపై గురి కుదుర్చుకున్నారు.

సమ్మెను భగ్నం చేయడానికి యాజమాన్యాలు బయటి నుంచి కూలీలను రప్పించి ఓడల్లోనే బస ఏర్పాటు చేశాయి. అప్పటివరకు శాన్ ఫ్రాన్సిస్కో రేవులో నల్లజాతి వారికి పని దాదాపు దక్కేది కాదు. గత సమ్మెల్లో యాజమాన్యాలు వారినే పోటీ కూలీలుగా వాడుకున్నాయి. బ్రిడ్జెస్ ఈ లోపాన్ని గుర్తించారు. నల్లజాతి వారి వద్దకు వెళ్లి, పికెటింగ్‌లో చేరితే గెలిచాక రేవులో సమాన స్థానం ఉంటుందని హామీ ఇచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కో శాఖ ఆ హామీని నిలబెట్టుకుంది. పోర్ట్‌లాండ్ వంటి కొన్ని శాఖలు మాత్రం 1960ల వరకు వారిని రానివ్వలేదు. స్థానిక శాఖల స్వేచ్ఛను గౌరవించిన బ్రిడ్జెస్ ఆ వివక్షను తుదముట్టించలేకపోయారన్న విమర్శ ఉంది.

తిరస్కరణకు గురైన ఒప్పందం

సమ్మె రెండో నెలలో అడుగుపెట్టేసరికి ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. సంఘం జాతీయ అధ్యక్షుడు జోసెఫ్ రయన్ న్యూయార్క్ నుంచి వచ్చి యాజమాన్యాలతో మంతనాలు జరిపారు. జూన్ 16న శాన్ ఫ్రాన్సిస్కో మేయర్ ఏంజెలో రోసి సమక్షంలో ఒప్పందంపై సంతకాలు జరిగాయి. సంఘానికి గుర్తింపు లభించింది గానీ, పని పంపిణీ కేంద్రంపై కార్మికుల ఆధిపత్యం దక్కలేదు. తమకు అండగా సమ్మె చేస్తున్న నావికుల ప్రస్తావనే అందులో లేదు.

రేవు కూలీల ముందు నిజమైన పరీక్ష నిలిచింది. ఒప్పుకుంటే మర్నాడే కూలి డబ్బు చేతికి వస్తుంది. కాదంటే ఆకలి ఇంకెన్ని వారాలో తెలియదు. మరునాడు జరిగిన సర్వసభ్య సమావేశంలో బ్రిడ్జెస్ ఒప్పందాన్ని వ్యతిరేకించారు. మేస్త్రీ చేతిలో పిలుపు ఉన్నంతకాలం పెరిగిన కూలి నిలవదని, తోడుగా వచ్చిన నావికులను నడివీధిలో వదిలి వెళ్లడం తగదని వాదించారు. సభికులు రయన్‌ను హేళన చేసి ఒప్పందాన్ని తోసిపుచ్చారు. నాటి నుంచి సమ్మె పగ్గాలు న్యూయార్క్ నాయకత్వం చేతిలోంచి స్థానిక కార్మికుల చేతికి వచ్చాయి. సమ్మెలో ఉన్న సంఘాలన్నీ కలిసి ఏర్పరచుకున్న సంయుక్త కమిటీకి బ్రిడ్జెస్ అధ్యక్షులయ్యారు. సభ్యుల ఓటు లేనిదే ఏ ఒప్పందమూ చెల్లదన్న నియమం అప్పటి నుంచి ఆ కార్మికులకు ప్రాణప్రదమైంది.

నెత్తుటి గురువారం

రేవును బలవంతంగానైనా తెరవాలని నగర వ్యాపార వర్గాలు నిశ్చయించాయి. జూలై 3న పోలీసుల రక్షణలో లారీలు సరుకుతో బయటికి కదలగా ఘర్షణ చెలరేగింది. మర్నాడు స్వాతంత్య్ర దినోత్సవం కావడంతో ఒక రోజు విరామం. జూలై 5 గురువారం ఉదయం రింకన్ హిల్ ప్రాంతం రణరంగమైంది. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు, లాఠీలు ఝళిపించారు, కాల్పులు జరిపారు. స్టూవర్ట్, మిషన్ వీధుల కూడలి సమీపంలో తూటాలకు ఇద్దరు బలయ్యారు. వారిలో ఒకరు రేవు కార్మికుడు హోవర్డ్ స్పెర్రీ. మరొకరు సమ్మె వంటశాలలో స్వచ్ఛందంగా పనిచేస్తున్న వంటమనిషి నిక్ బోర్డాయిస్. పదుల సంఖ్యలో గాయపడ్డారు. అదే రోజు కాలిఫోర్నియా గవర్నర్ ఫ్రాంక్ మెరియం సాయుధ నేషనల్ గార్డ్ దళాలను రేవులో దించారు.

తుపాకుల ముందు పికెటింగ్ సాధ్యం కాదని బ్రిడ్జెస్ గ్రహించారు. సమ్మెకు నగర ప్రజల సానుభూతి ఒక్కటే దిక్కు. జూలై 9న జరిగిన అంతిమయాత్ర ఆ సానుభూతిని కూడగట్టింది. రెండు శవపేటికల వెంట వేలాది మంది మార్కెట్ వీధి పొడవునా నడిచారు. నినాదాలు లేవు. శోక వాద్యం, అడుగుల సవ్వడి తప్ప మరే శబ్దమూ లేదు. పోలీసులను దూరంగా ఉంచి, క్రమశిక్షణ బాధ్యతను కార్మికులే వహించారు. అంతవరకు సమ్మెపై విముఖంగా ఉన్న నగరవాసులను సైతం ఆ మౌనయాత్ర కదిలించింది.

నగరం నిలిచిన నాలుగు రోజులు

సంఘం వెంట సంఘం ఓటు వేసి మద్దతు ప్రకటించడంతో జూలై 16న సార్వత్రిక సమ్మె మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కో, దాని పరిసరాల్లో లక్షకు పైగా కార్మికులు పనులు మానేశారు. పత్రికలు దీన్ని విప్లవ కుట్రగా చిత్రించాయి. వామపక్ష కార్యాలయాలపై దాడులు జరిగాయి. సార్వత్రిక సమ్మె నిర్వహణ నగర కార్మిక మండలిలోని మితవాద నాయకుల చేతిలో ఉంది. వివాదాన్ని మధ్యవర్తిత్వానికి అప్పగించాలంటూ జూలై 19న వారు సమ్మె విరమించారు. ఈ విరమణ బ్రిడ్జెస్‌కు సమ్మతం కాదు. అయినా రేవు కార్మికులు ఓటింగ్‌లో మధ్యవర్తిత్వానికే మొగ్గు చూపగా ఆయన శిరసావహించారు. జూలై 31న కార్మికులంతా ఒక్కటిగా పనిలోకి వెళ్లారు.

ఆర్చిబిషప్ ఎడ్వర్డ్ హానా అధ్యక్షతన గల జాతీయ రేవు కార్మిక మండలి అక్టోబరు 12న తీర్పు ప్రకటించింది. గంటకు 85 సెంట్లుగా ఉన్న కూలి 95 సెంట్లకు పెరిగింది. ఆరు గంటల పనిదినం, 30 గంటల వారం అమల్లోకి వచ్చాయి. పని పంపిణీ కేంద్రాన్ని ఉభయులూ కలిసి నిర్వహించాలని, పనికి పంపే ఉద్యోగిని మాత్రం సంఘమే ఎన్నుకోవాలని తీర్పు పేర్కొంది. ఆ చిన్న వాక్యమే కార్మికుల అసలు విజయం. తక్కువ గంటలు పనిచేసిన వానికి ముందు పిలుపు అన్న పద్ధతి వచ్చింది. లంచాలు పోయాయి. పని అందరికీ సమంగా దక్కింది. భారతదేశంలోనూ రేవు కార్మికుల నియామకాన్ని క్రమబద్ధం చేసే చట్టం 1948లో వచ్చింది. విశాఖపట్నం సహా ప్రధాన ఓడరేవుల్లో డాక్ లేబర్ బోర్డులు ఏర్పడింది ఆ చట్టం కిందే.

బహిష్కరణ యత్నాలు

1936లో ఆ సంఘం పసిఫిక్ తీర విభాగానికి అధ్యక్షునిగా ఎన్నికైన బ్రిడ్జెస్, మరుసటి ఏడాది రయన్ నాయకత్వంతో తెగదెంపులు చేసుకున్నారు. తీర కార్మికులు అంతర్జాతీయ రేవు, గిడ్డంగి కార్మికుల సంఘంగా వేరుపడి ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. హవాయి దీవుల్లోని చెరకు తోటల కూలీలు కూడా ఈ సంఘం గొడుగు కిందకు వచ్చారు. జపనీయులు, ఫిలిప్పినోలు, పోర్చుగీసు వారు ఏకమై 1946లో సాగించిన 79 రోజుల సమ్మె అక్కడి తోటల యజమానుల ఆధిపత్యాన్ని దెబ్బతీసింది.

ఆస్ట్రేలియా పౌరుడైన బ్రిడ్జెస్‌ను కమ్యూనిస్టన్న ఆరోపణపై దేశం నుంచి వెళ్లగొట్టేందుకు పెద్ద ప్రయత్నాలే జరిగాయి. 1939లో ఏంజెల్ ద్వీపంలో విచారణ జరిపిన హార్వర్డ్ న్యాయ కళాశాల డీన్ జేమ్స్ లాండిస్ ఆరోపణ రుజువు కాలేదని తేల్చారు. చట్టం సవరించి రెండోసారి విచారణ జరపగా బహిష్కరణ ఉత్తర్వు వెలువడింది. 1945లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది ఆయనకు అమెరికా పౌరసత్వం లభించింది. పౌరసత్వం పొందేటప్పుడు అబద్ధమాడారంటూ 1949లో మరో కేసు పెట్టారు. 1950లో అయిదేళ్ల శిక్ష పడింది. కొరియా యుద్ధంపై ఆయన వైఖరి కారణంగా బెయిలు రద్దై మూడు వారాలు జైలులో ఉన్నారు. ఆ శిక్షను 1953లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. చివరి కేసు 1955లో వీగిపోయింది. సోవియట్ పతనానంతరం వెలుగు చూసిన దస్త్రాలు కమ్యూనిస్టు పార్టీతో ఆయన సాన్నిహిత్యాన్ని బలపరిచాయి. సభ్యత్వం విషయంలో మాత్రం చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

వ్యక్తిగత జీవితంలోనూ చట్టంతో పోరు తప్పలేదు. 1958లో జపాన్ సంతతికి చెందిన నోరికో సవాడాను వివాహమాడేందుకు నెవాడా రాష్ట్రంలోని రీనో వెళ్లగా, శ్వేతజాతీయులకు ఆసియా వారితో వివాహం నిషిద్ధమంటూ అధికారులు అనుమతి నిరాకరించారు. కోర్టు ఉత్తర్వుతో వారి పెళ్లి జరిగింది. మరుసటి ఏడాది ఆ చట్టమే రద్దయింది.

యంత్రాలు వచ్చాక..

1950ల చివరికి రేవుల్లో యంత్రాలు, కంటైనర్లు ప్రవేశించాయి. యంత్రాలను అడ్డుకోవడం అసాధ్యమని, వాటి లాభంలో వాటా రాబట్టడమే వివేకమని బ్రిడ్జెస్ భావించారు. 1960లో కుదిరిన యాంత్రీకరణ ఒప్పందం ప్రకారం యాజమాన్యాలకు యంత్రాలు వాడుకునే స్వేచ్ఛ దక్కింది. ప్రతిగా నమోదైన కార్మికుల ఉద్యోగ భద్రతకు, ముందస్తు విరమణ ప్రయోజనాలకు అయిదున్నరేళ్లలో 2.9 కోట్ల డాలర్లు చెల్లించేందుకు అవి అంగీకరించాయి. ఒకనాడు ఆయనను బహిష్కరించాలన్న వ్యాపార వర్గాలే దూరదృష్టి గల నాయకుడని ప్రశంసించాయి.

కార్మికుల్లో అందరూ సంతోషించలేదు. 1966 ఒప్పందం క్రేన్ల వంటి యంత్రాలు నడిపే నిపుణులను పంపిణీ కేంద్రంతో నిమిత్తం లేకుండా స్థిరంగా నియమించుకునే వెసులుబాటు యాజమాన్యాలకు ఇచ్చింది. 1934లో ప్రాణాలొడ్డి సాధించిన వరుస పద్ధతికి ఇది గండి కొడుతుందని యువ కార్మికులు మండిపడ్డారు. 1971 జూలైలో సమ్మెకు ఓటు వేశారు. బ్రిడ్జెస్‌కు ఆ సమ్మె ఇష్టం లేదు. తాను నేర్పిన నియమం ప్రకారమే సభ్యుల తీర్పు ఆయనను దాటి ముందుకు పోయింది. కోర్టు ఉత్తర్వు మేరకు మధ్యలో కొంతకాలం ఆగిన ఆ సమ్మె మొత్తం 134 రోజులు సాగి 1972 ఫిబ్రవరిలో ముగిసింది. కూలి పెరిగింది గానీ స్థిర నియామకాల వివాదం పూర్తిగా సమసిపోలేదు.

చెరగని ముద్ర

బ్రిడ్జెస్ 1977లో పదవీ విరమణ చేశారు. ఇతర పెద్ద సంఘాల అధ్యక్షులతో పోలిస్తే ఆయన తీసుకున్న జీతం చాలా తక్కువ. 1990 మార్చి 30న శాన్ ఫ్రాన్సిస్కోలో 88వ ఏట కన్నుమూశారు. మేస్త్రీ పిలుపు కోసం కూలీలు పడిగాపులు కాసిన ఫెర్రీ బిల్డింగ్ ఎదుటి ఆవరణకు అనంతర కాలంలో ఆయన పేరు పెట్టారు. పశ్చిమ తీర రేవు కార్మికులు ఏటా జూలై 5న పనులు నిలిపి అమరులను స్మరించుకుంటారు. మిగిలిన రోజుల్లో వారి పనివంతు సంఘం ఎన్నుకున్న ఉద్యోగి చేతి మీదుగానే నడుస్తుంది.